22 నెలల బాబుతో తొమ్మిది రోజుల టూర్: హోటల్లో కూర్చోబెట్టి తినిపించేదెలా?

చిట్టిచెప్పులు అడిగారు:

బాబుకి 22 నెలలు. వచ్చే నెల తొమ్మిది రోజుల టూర్. మేమిద్దరం, అత్తయ్యగారు, మావయ్యగారు, వీడు. దిగే చోట గదిలో కెటిల్, చిన్న ఫ్రిజ్ తప్ప వంటకి ఏమీ లేదు. పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారు. మధ్యాహ్నం, రాత్రి బయట తినాల్సిందే. అక్కడి టైమ్ ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందు.

ఇంట్లో కుర్చీలో 15 నిమిషాలు కూర్చుంటాడు, ఆ తర్వాత దిగిపోతానంటాడు. తన చేత్తోనే తింటాడు, సగం కింద పోస్తాడు. కారం అలవాటు లేదు. వేరుశనగ పడదు, దద్దుర్లు వస్తాయి.

ఆర్డర్ ఎలా ఇస్తే తొందరగా వస్తుంది? హై చెయిర్ లేని చోట ఏం చెయ్యాలి? ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు? సంచిలో ఏమేం ఉండాలి? "పిల్లలంతే, ఓపిక పట్టాలి" అనే జవాబు ఇంట్లోనే బోలెడంత దొరుకుతోంది, అది మాత్రం వద్దు :)


లెక్కలమ్మ:

ముందు టైమ్ లెక్క తేల్చుకోండి, తిండి సంగతి తర్వాత. వీడి దగ్గరున్నది 15 నిమిషాలు. కొత్త చోటు, కొత్త మొహాలు కాబట్టి ఇంకో పది కలుపుకుందాం. మొత్తం 25. ఈ 25 మొదలయ్యేది ప్లేటు వచ్చినప్పుడు కాదు, కుర్చీలో బెల్టు పెట్టినప్పుడు. అందరూ తప్పేది ఇక్కడే. లోపలికి వెళ్లగానే పిల్లాణ్ణి కుర్చీలో బిగించి, తీరిగ్గా మెనూ తిరగేస్తారు. అన్నం బల్ల మీదికి వచ్చేసరికి వాడి 25 నిమిషాలూ ఖర్చయిపోయి ఉంటాయి.

మీరు నలుగురు పెద్దవాళ్లు ఉన్నారు, అది పెద్ద సదుపాయం. ఇలా చెయ్యండి. మెనూ ముందురోజు రాత్రే ఫోన్లో చూసి ఎవరికేం కావాలో అనుకోండి. ఇద్దరు 20 నిమిషాలు ముందు వెళ్లి బల్ల పట్టుకుని ఆర్డర్ చెప్పేస్తారు. బాబు మిగతా ఇద్దరితో బయట నడుస్తూ ఉంటాడు. నడవాలి, స్ట్రాలర్లో తిరగడం కాదు. కాళ్లలో ఉన్న హుషారు బయట దిగిపోతే కుర్చీలో తన్నులు తగ్గుతాయి. ప్లేట్లు వస్తున్నాయని ఫోన్ రాగానే చేతులు కడిగించి, డైపర్ చూసుకుని, నేరుగా కుర్చీలోకి. భోజనం వడ్డించగానే బిల్లు అడిగి కట్టేయండి. చివర్లో బిల్లు కోసం, చిల్లర కోసం పోయే పది నిమిషాల్లోనే గొడవలన్నీ జరుగుతాయి.

టైమ్ తేడా గురించి భయపడకండి, మధ్యాహ్నం పూట అది మీకు కలిసొస్తుంది. ఇంట్లో 12కి తినే పిల్లాడికి అక్కడి గడియారంలో రెండున్నరకి ఆకలేస్తుంది. అప్పటికి భోజనాల రద్దీ తగ్గుతుంది. ఒంటి గడియారం కొత్త టైమ్‌కి సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది కాబట్టి, మొదటి మూడు రోజులూ రెండు గంటల ప్రాంతంలో భోజనం పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: చాలా చోట్ల మధ్యాహ్నం వంటగది ఆపేసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు. ఫోన్ చేసినప్పుడు "ఎన్నింటికి మూస్తారు" అని కాదు, "చివరి ఆర్డర్ ఎన్నింటికి తీసుకుంటారు" అని అడగండి. రెండింటికీ మధ్య అరగంటో ముప్పావు గంటో తేడా ఉంటుంది.

రాత్రి పూట మాత్రం ఈ తేడా ఎదురు తిరుగుతుంది. ఇంట్లో ఏడున్నర అంటే అక్కడ పది. ఆ వేళకి వాడికి ఆకలీ నిద్రా ఒకేసారి వస్తాయి. నా సలహా, కూర్చుని తినే హోటల్ రోజుకి ఒక్క పూటే, అదీ మధ్యాహ్నం, ఇంకా చెప్పాలంటే పగటి నిద్ర కాకముందు. రాత్రికి ఎనిమిదింటికల్లా పార్సిల్ తెచ్చి గదిలోనే పెట్టేయండి. పెద్దవాళ్లకి బయట తినాలని ఉంటే ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకోవచ్చు. రెండు పూటలా హోటల్లో కూర్చోబెడితే మూడో రోజుకి కుర్చీ చూస్తేనే ఏడుస్తాడు.

భోజనానికి ముందు గంటన్నర నీళ్లు తప్ప ఏమీ వద్దు. బండిలో ఏడవకుండా ఇచ్చిన బిస్కెట్లూ, పాల సీసా, జ్యూసూ కడుపు నింపేస్తాయి. అప్పుడు ప్లేటు తోసేస్తాడు, మీరు "కొత్త చోటు కదా, తినట్లేదు" అనుకుంటారు.


గరిటె:

ఆర్డర్ సంగతి వంటగది వైపు నుంచి చెప్తాను.

ఒక బల్లకి సంబంధించిన ఐటమ్‌లన్నీ ఒకే చీటీ మీద లోపలికి వెళ్తే, అన్నీ ఒకేసారి బయటికొచ్చేలా వండుతారు. మూడు నిమిషాల్లో అయ్యే ఆమ్లెట్‌ని మావయ్యగారి చేప కాలే టైమ్‌కి సరిపోయేలా చివర్లో మొదలుపెడతారు. మీరు "బాబుది కొంచెం తొందరగా" అంటే సర్వర్ తలూపుతాడు. కానీ చీటీ ఒకటే కాబట్టి లోపల ఏమీ మారదు. చెప్పాల్సిన మాట ఇది: "బాబు ఐటమ్ వేరే ఆర్డర్‌గా ఇప్పుడే పంపండి, మాది ఐదు నిమిషాలాగి చెప్తాం." చీటీ వేరైతే వంట కూడా వేరవుతుంది.

ఏది తొందరగా వస్తుందో పేరు చూసి చెప్పలేం, వండే పద్ధతి చూసి చెప్పొచ్చు. ముందే వండి వేడిగా ఉంచేవి (తెల్లన్నం, సూప్, ఉడికించిన బంగాళాదుంప), అసలు వండక్కర్లేనివి (పెరుగు, బ్రెడ్, అరటిపండు), పెనం మీద నిమిషాల్లో అయ్యేవి (ఆమ్లెట్): ఇవి బాబుకి. ఓవెన్లో కాలేవి, మాంసం నెమ్మదిగా ఉడికేవి, "అప్పటికప్పుడు చేసిస్తాం" అని గర్వంగా రాసుకున్నవి పెద్దవాళ్లకి.

కారం విషయంలో "కారం తగ్గించండి" అన్న మాటకి అర్థం లేదు, తగ్గించడం ఒక్కో వంటవాడికి ఒక్కోలా ఉంటుంది. "మసాలా ముందే పట్టించి ఉంచారా, వండేటప్పుడు వేస్తారా?" అని అడగండి. ముందే పట్టించి ఉంటే దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు, ఇంకోటి చెప్పండి. వండేటప్పుడు వేసేదైతే "వెయ్యకుండా చెయ్యండి" అంటే చాలు. సాస్, గ్రేవీ ఉన్నవి పక్కన వేరే గిన్నెలో అడగండి.

పిల్లల మెనూ అని వేరే కార్డు ఇస్తే మురిసిపోవద్దు. అందులో సగానికి సగం ఫ్రీజర్లోంచి నూనెలోకి వెళ్లేవే. ఉప్పు ఎక్కువ. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజు మొత్తానికి 2 గ్రాముల ఉప్పు మించకూడదు, అంటే టీస్పూన్లో మూడో వంతు. హోటల్ సూప్ ఒక గిన్నె తాగితే అందులో పెద్ద వాటా అక్కడే అయిపోతుంది. సూప్ ఇస్తే వేణ్ణీళ్లు కలిపి పల్చన చెయ్యండి, రుచి తగ్గినా వాడేమీ అనడు.

ఎంత పెట్టాలి? ఒక్కో పదార్థం వయసు ఏడాదికి ఒక టేబుల్ స్పూన్ లెక్క. వీడికి అన్నం రెండు స్పూన్లు, కూరగాయ రెండు స్పూన్లు, గుడ్డు రెండు స్పూన్లు, అంతే. ఇంకా కావాలంటే మళ్లీ పెట్టండి. ప్లేటు నిండా పోస్తే తినే పని మానేసి తోసే పని పెట్టుకుంటారు.

ఏ పూటయినా ప్లేటులో వాడికి బాగా తెలిసినది ఒకటి ఉండాలి, దాని పక్కన కొత్తది ఒక చెంచా. ఈ వయసులో కొత్త తిండి చూస్తే బెదరడం మామూలే. ఒక్కోదానికి పది పదిహేను సార్లు ఎదురుపడితే గానీ నోట్లో పెట్టరు. కాబట్టి టూర్లో తినలేదని పంతం పట్టకండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం. ఒక పూట రెండు ముద్దలే తిని లేచినా తర్వాతి పూట సరిచేసుకుంటారు.

ఇక వేడి. కిచెన్లోంచి వచ్చే అన్నం ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా వస్తుంది. పైన ఊదితే పైపొర చల్లారుతుంది, ముద్ద నడుమ మాత్రం అలాగే ఉంటుంది. పిల్లాడు ఆ ముద్దని గుప్పిట్లో నొక్కినప్పుడు లోపలి వేడి బయటపడుతుంది. ఆర్డర్ చెప్పేటప్పుడే ఒక ఖాళీ చల్లటి ప్లేటు అడగండి. అందులో అన్నాన్ని పొరలా పరిచి, ఫోర్కుతో గీతలు గీసినట్టు విడదీయండి. మూడు నాలుగు నిమిషాల్లో తినే వేడికి వస్తుంది. నడుమలోంచి కొంచెం తీసి మీ కింది పెదవికి తాకించి చూడండి, వేలి కంటే పెదవికే బాగా తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేసిచ్చారంటే కలపకుండా పెట్టొద్దు, ఒక చోట చల్లగా ఇంకో చోట భగభగలాడుతూ ఉంటుంది.


ఎర్రగొడుగు:

గరిటె గారు చెప్పినదాంట్లో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. బాబు ప్లేటు మొత్తం ముందే తెప్పిస్తే, మీ ప్లేట్లు వచ్చే వేళకి వాడు తినేసి దిగుతానంటాడు. అప్పుడు మీలో ఒకరు చల్లారిన అన్నం తినాల్సిందే. సగం ముందు, సగం మీతో పాటు. ముందు చీటీలో పెరుగో బ్రెడ్డో చిన్నది ఏదైనా, అసలు ప్లేటు మీ ఆర్డర్‌తో. లెక్కలమ్మ గారు చెప్పినట్టు ఇద్దరు ముందెళ్లి ఆర్డర్ ఇస్తే మాత్రం ఈ తర్జనభర్జన అక్కర్లేదు, అన్నీ ఒకేసారి వచ్చినా ఫర్వాలేదు.

నేను రాయాలనుకున్నది కూర్చునే చోటు గురించి. గోడ మూల బల్ల అడగండి. పిల్లాడు గోడ వైపు, పక్కనే పెద్దవాళ్లొకరు, నడిచే దారి వైపు ఇంకొకరు. సర్వర్లు పొగలు కక్కే ట్రేలు పట్టుకుని తిరిగే దారి పక్కన హై చెయిర్ వేస్తే వాళ్ల మోచేతికీ పిల్లాడి తలకీ మధ్య జానెడే ఉంటుంది. వంటగది తలుపు, మెట్లు, బఫే వరస, వీటికి దూరంగా.

కూర్చోబెట్టకముందే వాడి ముందు బల్ల ఖాళీ చెయ్యండి. చెయ్యి చాచితే అందేంత దూరం, దానిమీద ఇంకో జానెడు. బల్ల మీద గుడ్డ ఉంటే అంచు పైకి మడిచేయండి, లాగితే మొత్తం ఒళ్లో పడుతుంది. కత్తులు, ఫోర్కులు, పళ్లపుల్లలు, ఉప్పు సీసా, గాజు గ్లాసులు అవతలి కొసకి. టీ, కాఫీ బాబు దిగాకే తెప్పించుకోండి. టీ పోసి పావుగంటయినా పిల్లల చర్మాన్ని కాల్చగలదు. ఒలికితే బట్టలు తడి ఉన్న మేర వెంటనే తీసి, పంపు కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోనివ్వాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టని మాత్రం లాగకూడదు. ఐసు, వెన్న, టూత్‌పేస్టు ఏవీ వద్దు. తర్వాత ఆస్పత్రి.

ఇంకో వస్తువు మీద కన్నేసి ఉంచండి, బల్ల మధ్యలో మిణుకుమిణుకుమనే ప్లాస్టిక్ కొవ్వొత్తి. నిప్పు లేదు కదా అని పిల్లల చేతికిచ్చేస్తారు. తిప్పి చూడండి: అడుగున చిన్న మూత, చాలావాటిలో దానికి స్క్రూ కూడా ఉండదు, గోటితో నొక్కితే ఊడుతుంది. లోపల రూపాయి బిళ్లలాంటి బటన్ బ్యాటరీ. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా చాలు, నేరుగా ఆస్పత్రికే. వాంతి చేయించొద్దు. ఏడాది దాటిన పిల్లాడు మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లు మించకుండా. తేనె వెతుక్కుంటూ ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. అసలు కూర్చోగానే ఆ కొవ్వొత్తిని తీసుకెళ్లిపొమ్మంటే ఇవన్నీ అక్కర్లేదు.

హై చెయిర్ తెచ్చి పెట్టగానే మూడు చూడండి. కాళ్ల మధ్య బెల్టు ఉందా (నడుము బెల్టు ఒక్కటే ఉంటే కిందికి జారతాడు), నాలుగు కాళ్లూ నేలకి ఆనుతున్నాయా, చక్రాలుంటే లాక్ పడుతోందా. బల్లకి మరీ దగ్గరగా తోస్తే కాళ్లతో బల్లని తన్ని వెనక్కి పడే ప్రమాదముంది. తుడిచేటప్పుడు ట్రే పైన కాదు, అంచు కింద తుడవండి, వేళ్లు పెట్టేది అక్కడే.

హై చెయిర్ లేదన్నారనుకోండి. చాలా తేలిగ్గా మోయగలిగేది గుడ్డతో కుట్టిన బెల్టు సీటు. కుర్చీ వీపుకి తొడిగి, నడుముకి కట్టేస్తారు. మడిస్తే సంచి జేబులో పడుతుంది. కుర్చీకి గట్టి వీపు ఉండాలి, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ అయితే పిల్లాడు వెనక్కి వాలితే కుర్చీతో సహా పోతాడు. ఎత్తు రాదు కాబట్టి బల్ల గడ్డం దాకా వస్తుంది, ప్లేటుని ఒళ్లో పెట్టుకున్నంత కిందికి దించలేం. బదులుగా మీరు స్పూనుతో పెట్టాల్సి వస్తుంది.

రెండోది బల్ల అంచుకి బిగించే క్లాంప్ సీటు. ఎత్తు బాగుంటుంది, పిల్లాడు బల్ల దగ్గర మనిషిలా కూర్చుంటాడు. కానీ గాజు బల్లకీ, నడుమ ఒక్క కాలు మీద నిలబడే బల్లకీ, మడత బల్లకీ, గుడ్డ పరిచిన బల్లకీ బిగించకూడదు. బల్ల చెక్క ఎంత మందం వరకు పడుతుందో, ఎంత బరువు మోస్తుందో లేబుల్ మీద ఉంటుంది. ఇంకో సంగతి, దాని కింద కుర్చీ పెట్టకూడదు. జాగ్రత్త కోసమని చాలామంది పెడతారు. పిల్లాడు ఆ కుర్చీ మీద కాళ్లు ఆనించి పైకి లేస్తే క్లాంపు జారుతుంది.

ఇవేవీ లేకపోతే ఒళ్లో. అప్పుడు ఆ మనిషి ముందు వేడి ప్లేటు ఉండకూడదు, అంటే వాళ్లు తర్వాత తినాలి. నలుగురున్నారు కాబట్టి పది నిమిషాలకి ఒకరు మారండి.


చిట్టిచెప్పులు:

చాలా థాంక్సండీ, ముందెళ్లి ఆర్డర్ ఇచ్చే పని మావయ్యగారు తీసుకుంటామన్నారు. ఇంకో మూడు అడుగుతాను. గొంతులో ఇరుక్కునేవి ఏవి? వేరుశనగ గురించి హోటల్లో ఎలా అడగాలి? ఫోన్లో బొమ్మలు చూపించడం గురించి మా ఇంట్లో రెండు పార్టీలు ఉన్నాయి, మీ మాట ఏమిటి?


ఎర్రగొడుగు:

గొంతుకి అడ్డం పడేవాటికి ఒక లక్షణం ఉంటుంది, గుండ్రంగా ఉండాలి, లేదా గట్టిగా ఉండాలి, లేదా జిగురుగా ఉండాలి. ద్రాక్షలో గుండ్రమూ నునుపూ రెండూ ఉన్నాయి, అందుకే అది చాలా ప్రమాదం. అడ్డంగా కోస్తే రెండు మూతలవుతాయి, ఏమీ లాభం లేదు. నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి. చెర్రీ టమాటా కూడా అంతే. సాసేజ్‌ని బిళ్లలుగా కోసిస్తారు హోటళ్లలో, పిల్లల గొంతు సైజుకి సరిగ్గా సరిపోయే బిళ్ల అది. నిలువుగా చీల్చి, ఆ తర్వాత చిన్న ముక్కలు. పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్ ముక్కలు గట్టివి, ఉడికినవైతేనే. పాప్‌కార్న్, గింజలు, గట్టి చాక్లెట్లు, ఐసు ముక్కలు ఈ వయసుకి అసలే వద్దు. బల్ల మీద ఉచితంగా పెట్టే వేయించిన గింజల గిన్నె ముందు అవతలికి తీయించండి, మీకైతే రెండు కారణాలు.

దగ్గుతూ, ఉక్కిరిబిక్కిరిగా చప్పుడు చేస్తున్నాడంటే గాలి ఆడుతోంది, దగ్గనివ్వండి. చప్పుడు ఆగిపోయి నోరు తెరిచి చూస్తుంటేనే అసలు ప్రమాదం. ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు. పోకపోతే వెనక నిలబడి బొడ్డుకి పైన, పక్కటెముకలకి కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు నొక్కులు. వచ్చేదాకా మార్చి మార్చి, ఒకరు అంబులెన్సుకి ఫోన్. (ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, వాళ్లకి ఛాతీ మీద.) కనపడకుండా గొంతులో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పొట్ట నొక్కి తీసినా తర్వాత డాక్టరుకి చూపించాలి. పుస్తకంలో చదివితే రాదు, బయల్దేరే లోపు నలుగురిలో ఇద్దరైనా ఎక్కడైనా నేర్చుకుని రండి.


గరిటె:

వేరుశనగ. "ఇందులో వేరుశనగ ఉందా?" అని అడిగితే సర్వర్ కంటికి కనపడే గింజల గురించే ఆలోచించి లేదంటాడు. నాలుగు ప్రశ్నలుగా విడగొట్టండి: ఏ నూనె వాడతారు? సాస్‌లో గానీ పొడిలో గానీ వేరుశనగ ఉందా? పైన ఏం చల్లుతారు? వేయించే మూకుడు ఒకటేనా, వేరేనా? నాలుగోది మర్చిపోకండి. గింజలు పూసిన ఐటమ్ ఏగిన నూనెలోనే బాబు బంగాళాదుంప ఏగితే ఐటమ్‌లో వేరుశనగ లేకపోయినా ప్లేటులో ఉన్నట్టే. ఈ ప్రశ్నలు అక్కడి భాషలో ఒక కార్డు మీద రాయించుకోండి, సర్వర్‌కి చదివి వినిపించడం కాదు, కార్డుని లోపలికి పంపమనండి. జవాబు తడబడితే వాదించకండి, అరటిపండూ పెరుగూ పెట్టేయండి.

ముందు బల్ల మీద ఎవరో తిని ఉంటారు కదా. హై చెయిర్ ట్రే, బల్ల అంచు తడి వైప్స్‌తో తుడవండి. హ్యాండ్ శానిటైజర్ క్రిముల మీద పనిచేస్తుంది గానీ వేరుశనగ ప్రొటీన్‌ని తొలగించదు, అక్కడక్కడే పులుముతుంది. బాబు చేతులకీ సబ్బూ నీళ్లే.

దద్దుర్లు వచ్చాయన్నారు కాబట్టి బయల్దేరే ముందు డాక్టర్ని కలిసి, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను వీడికి అవసరమా, ఎప్పుడు ఏం ఇవ్వాలి అని కాగితం మీద రాయించుకోండి. పెన్ను రాసిస్తే అది చేతి సంచిలో ఉండాలి, గదిలో కాదు. ఊపిరి పట్టేసినట్టు ఉండటం, గొంతు బొంగురు పోవడం, నాలుక వాయడం, మళ్లీ మళ్లీ వాంతులు, ఒక్కసారిగా నీరసించి వాలిపోవడం: వీటిలో ఏది కనపడినా ముందు పెన్ను, తర్వాత అంబులెన్స్. అలర్జీ సిరప్ పోసి చూద్దాం అని కూర్చోకూడదు.


లెక్కలమ్మ:

ఫోన్ తగువు నేను తీరుస్తాను :) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్ల లోపు వాళ్లకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు. అది ఆరోగ్యం లెక్క. భోజనం లెక్క ఇంకోటి. బొమ్మ చూస్తున్న పిల్లాడు నమలడం మర్చిపోయి ముద్ద బుగ్గన పెట్టుకుంటాడు, కడుపు నిండిందో లేదో గమనించడు. పైగా మొదటి రోజు చూపిస్తే తొమ్మిదో రోజు దాకా కుర్చీ అంటే ఫోనే. పెద్దాయనా పెద్దావిడా ఫోన్ పార్టీ అయితే ఒక రాజీ ఉంది: ముద్ద నోట్లో ఉన్నప్పుడు కాదు, తినడం అయ్యాక, మీరు ముగించే ఐదు నిమిషాలు, శబ్దం లేకుండా, ఫోన్లో ఉన్న ఇంటి ఫొటోలు.

దాని బదులు చేతికివ్వడానికి: స్టిక్కర్ల కాగితం (అంటించి పీకడం ఈ వయసుకి మహా ఇష్టం, ఒక కాగితం ఎనిమిది పది నిమిషాలు లాగుతుంది), మూత తిప్పే ఖాళీ డబ్బా, నీళ్లతో గీసే పుస్తకం. మొత్తం ఇచ్చేయకండి. ఒకటి విసిరాకే ఇంకోటి. చప్పుడు చేసేవి, దొర్లిపోయేవి వద్దు.

సంచిలో: ప్లాస్టిక్ స్పూను, మూతున్న గ్లాసు, కింద జేబు ఉన్న సిలికాన్ బిబ్, తడి వైప్స్, రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక జత బట్టలు, వంటకి వాడే చిన్న కత్తెర. ఆకుకూర, నూడుల్స్, మాంసం ప్లేటులోనే ముక్కలు చెయ్యడానికి కత్తెరని మించింది లేదు. విమానంలో మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వెయ్యండి. బల్లకి అంటుకునే సక్షన్ ప్లేటు అనవసరపు బరువు. నునుపైన బల్లకే పడుతుంది, చెక్క గీతలున్న బల్ల మీద పిల్లాడు రెండో ప్రయత్నంలో పీకేస్తాడు.

పార్సిల్ లెక్క: వండినది బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంట. ఆ తర్వాత బాబుకి వద్దు. గదిలో చిన్న ఫ్రిజ్‌ని నమ్మకండి, అలాంటివి చాలావరకు చల్లబరుస్తాయి గానీ 5 డిగ్రీలకి దిగవు. నీళ్ల సీసాలకి, గంటలో తాగే పాలకి పనికొస్తుంది, రాత్రి మిగిలిన అన్నం పొద్దున పెట్టడానికి కాదు. కుళాయి నీళ్లు తాగకూడని చోటయితే ఐసు, ముందే కోసి ఉంచిన పళ్లు, పచ్చి సలాడ్ కూడా ఆ నీళ్ల లెక్కలోకే వస్తాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలతకి కలిపి, వీడి వయసుకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో కొద్దికొద్దిగా. నాలుగు ప్యాకెట్లు వెంట ఉంచుకోండి.


చిట్టిచెప్పులు:

చివరిది. స్ట్రాలర్లోనే కూర్చోబెట్టి తినిపిస్తే? హై చెయిర్ గొడవే ఉండదు కదా.


ఎర్రగొడుగు:

వీపు నిటారుగా నిలిచే మోడల్ అయితే పెట్టొచ్చు. సగం వాలిన సీటులో మాత్రం వద్దు, ముద్ద దానంతటదే గొంతులోకి జారుతుంది. బెల్టు, బ్రేకు రెండూ వెయ్యాలి, సంచి హ్యాండిల్‌కి తగిలించి ఉంటే ముందే తీసేయండి, పిల్లాణ్ణి ఎత్తిన మరుక్షణం బండి వెనక్కి తిరగబడుతుంది. స్ట్రాలర్ బల్లకంటే కిందికి ఉంటుంది, అంటే బల్ల అంచున పెట్టినది ఏది ఒలికినా నేరుగా వాడి మీదే. కాబట్టి బల్లకి తగిలేలా కాకుండా మీ కుర్చీ పక్కకి, మీవైపు తిప్పి పెట్టండి. ఇరుకు హోటళ్లలో స్ట్రాలర్ లోపలికి రానివ్వరు, బల్ల కోసం ఫోన్ చేసినప్పుడే అదీ అడిగేయండి.